ఎనిమిది రంగుల మధ్యాహ్నాలు

కూర ఉడుకుతుంటే అమ్మ వంటగది గడపలో కూర్చుని నెట్ తీగ ఒలిచేది. ఒక కన్ను పొయ్యి మీద, ఇంకో కన్ను తీగ మీద. బూడిద రంగు తొడుగు చుట్టూ బ్లేడు తిప్పి సుతారంగా లాగితే లోపల నాలుగు జతలు బయటపడేవి. ఒక్కో జతలో రెండు సన్నటి రాగి తీగలు, రంగురంగుల ప్లాస్టిక్ కప్పుకుని, జడలా పెనవేసుకుని ఉండేవి. వాటి కొసలు విప్పి, వేళ్ళ మధ్య పెట్టి ఇస్త్రీ చేసినట్టు సాపు చేయడం నా పని. బడి లేదంటే చాలు, నేను ఆ గడప వదిలేదాన్ని కాదు. ఇప్పుడు మా ఇంట్లో ఆ రాగి తీగ ముక్క కూడా లేదు. కానీ ఆ మధ్యాహ్నాలు తలచుకుంటే ఇప్పటికీ వేళ్ళు ఊరికే కదులుతాయి.

నాన్న ఊళ్ళో ఇళ్ళకీ దుకాణాలకీ నెట్ లైన్లు ఇస్తాడు. అంతకుముందు టీవీ కేబుల్ ఇచ్చేవాడట. ఆ లావుపాటి నల్ల కేబుల్‌కి కాలం చెల్లాక మిగిలిన ముక్కని నాయనమ్మ పెరట్లో కట్టించుకుని బట్టలు ఆరేసుకునేది. "ఎన్ని ఏడుపు సీరియళ్ళు మోసిందో, తడిబట్టలు దానికో లెక్కా?" అనేది.

మా గడప మీద తయారయ్యేవన్నీ గోడ దగ్గరి నెట్ పెట్టె నుంచి కంప్యూటర్‌కి వేసే చిన్న తీగలు. రెండు చివర్లా రంగులు ఒకే వరుసలో ఉండాలి. తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. అమ్మ దాన్ని జోలపాటలా కూనిరాగం తీస్తూ వరుస పేర్చి, కొసలు సమంగా కత్తిరించి, ప్లాస్టిక్ జాక్‌లోకి తోసి, పనిముట్టుతో టక్కున నొక్కేది.

"ఎక్కువ విప్పకే. మెలిక పోతే పక్క జత గోలంతా ఇందులోకి వచ్చేస్తుంది" అనేది.

"తీగలు కూడా పక్కవాళ్ళ మాటలు వింటాయా?"

"మీ నాయనమ్మంత కాదులే" అని నవ్వేది. లోపలి గదిలోంచి నాయనమ్మ "వినపడింది" అనేది.

అమ్మ తన గురించి చెప్పుకునేది ఆ కాసేపే. తనకి సైకిల్ తొక్కడం వచ్చనీ, ఒకసారి రెండు చేతులూ వదిలేసి వంతెన దాటిందనీ నాకు అక్కడే తెలిసింది. చేతుల్లో పని ఉంటేనే అమ్మకి మాట వచ్చేది. నాకూ అంతే. బయటివాళ్ళ ముందు నోరు పెగలని నేను అమ్మ దగ్గర వసపిట్టనైపోయేదాన్ని. అన్నం తినేటప్పుడు ఆవిడ ఎవరికి ఏం కావాలో చూస్తూ ఉండేది, అందుకని అప్పుడు మాటలుండేవి కావు.

నాన్న చెడ్డవాడని కాదు. ఎవరైనా "తీగలు మీ ఇంట్లోనే చేస్తారా?" అని అడిగితే, "మా ఆవిడకి ఊసుపోవాలి కదండీ" అనేవాడు, అంతే. అమ్మ అప్పుడు మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ ఉండేది.

ఒకసారి అమ్మ జ్వరంతో పడుకుంటే నాన్నే హడావిడిగా ఒక తీగ చేసి ప్రింటింగ్ షాపాయనకి ఇచ్చాడు. వారం తిరక్కుండా ఆయన దాన్ని చుట్ట చుట్టి పట్టుకొచ్చాడు. "ఏం తీగయ్యా ఇది, నెట్ ఎక్కిళ్ళు పెడుతోంది!"

నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంట్లో ఆడవాళ్ళు చేసిందండీ, ఏమనుకోకండి. మార్చి ఇస్తాను" అన్నాడు.

అమ్మా నేనూ తలుపు చాటునే ఉన్నాం. జాక్ బయటికి అంత పొడుగున విప్పేసిన తీగలు చూడగానే అది ఎవరి చెయ్యో నాకు తెలిసిపోయింది. అమ్మకి తెలియదా? అయినా చివర్లు కత్తిరించి, మళ్ళీ చేసి, నాన్న చేతికిచ్చింది. ఆ రోజు మాత్రం కూనిరాగం లేదు.

తర్వాత గాజు తీగ వచ్చింది. వెంట్రుకంత సన్నం. అందులో వెలుగు పరిగెడుతుందని నాన్న చెబితే నాయనమ్మ నమ్మలేదు. దాని చివర్లు జాక్‌లో నొక్కేవి కావు. శుభ్రంగా కోసి, ఒక యంత్రంలో ఎదురెదురుగా పెడితే అదే కరిగించి అతికిస్తుంది. పెట్టె నుంచి కంప్యూటర్‌కి గాలిలోనే సిగ్నల్. మా చిన్న తీగలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. పాత సామాన్లవాడు రాగి చుట్టలు బండిలో వేసుకుపోతుంటే, "ఇక నీకు విశ్రాంతే" అన్నాడు నాన్న అమ్మతో, వరమిస్తున్నట్టు.

ఆ విశ్రాంతిలో అమ్మ గిన్నెలు రెండోసారి తోమేది. నేను వెళ్ళి గడపలో కూర్చున్నా మాటలు సాగేవి కావు.

అంతలో నెట్ కంపెనీ వాళ్ళు పట్నంలో ఆ యంత్రం మీద శిక్షణ పెట్టారు. వారం రోజులు, అక్కడే ఉండాలి. "నేను పోతే లైన్లు చూసేదెవరు? ఎవరినైనా జీతానికి పెట్టుకోవాలి" అన్నాడు నాన్న సాయంత్రం టీ తాగుతూ.

"నేను వెళ్తానండీ" అంది అమ్మ.

నాన్నకి పొలమారింది. "నువ్వా? అదేమన్నా కూరగాయల బజారనుకున్నావా?"

"కోడలా, ఇల్లేం గాను?" అంది నాయనమ్మ. "వీడికి వేడిగా లేకపోతే ముద్ద దిగదు, నాకా మోకాళ్ళు లేవవు."

అమ్మ తల వంచుకుంది. ఆ వంచుకోవడం చూసి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "నేను వండుతాను నాన్నా. వారం బడి మానేస్తాను" అన్నాను.

అందరి మొహాలూ విచ్చుకున్నాయి. "చూశావా, బంగారు తల్లి!" అంది నాయనమ్మ. "ఇంకేం, పిల్ల చేస్తానంటోందిగా. సరే, వెళ్ళిరా" అన్నాడు నాన్న. నా గుండె ఉప్పొంగింది. అమ్మ వైపు చూశాను, నవ్వుతుందని.

అమ్మ నవ్వలేదు. "అది బడికి వెళ్తుంది" అంది.

"వారమే కదే" అన్నాడు నాన్న.

"నన్ను బడి మాన్పించినప్పుడు కూడా అలాగే అన్నారు. మా అమ్మకి ఒంట్లో బాగయ్యేదాకా అని."

ఆ సంగతి గడపలో కూడా నాకెప్పుడూ చెప్పలేదు అమ్మ.

"అయితే వెళ్ళవా?" అన్నాడు నాన్న, కొంచెం తేలిగ్గా.

"వెళ్తాను. బస్సు ఆదివారం. అప్పటిదాకా రోజూ నా పక్కన నిలబడండి, వంట నేర్పుతాను. ఈ రాత్రికి అన్నం మీరే వండండి."

నాన్న వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ చెంబులోకి చూసింది. నాన్న లేచాడు. వంటగదిలో అలమర ముందు నిలబడి ఒక డబ్బా మూత తీశాడు, పెట్టాడు. ఇంకోటి తీశాడు.

"బియ్యం ఏ డబ్బాలో?" అన్నాడు, ఎవరిని అడుగుతున్నాడో తనకే తెలియనట్టు.

నేను చెయ్యెత్తి చూపించబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"వెతుక్కోనీ" అంది.