పెరుగన్నంలో మాత్ర

జనార్దనానికి మాత్ర మింగడమంటే మహా చిరాకు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఇనుముతో కుస్తీపట్టి రిటైరైన మనిషి, శనగబద్దంత మాత్ర చూస్తే పసిపిల్లాడిలా ముఖం తిప్పుకుంటాడు. గుండెకు స్టెంట్ వేసినప్పుడు డాక్టరు ఆయన భార్య అలమేలుకు మరీ మరీ చెప్పాడు, రక్తం పలచబడే మాత్ర ఒక్క పూట తప్పినా స్టెంట్ మూసుకుపోతుందని. అప్పట్నుంచి ఆవిడ దాన్ని నూరి, ఆయనకు తెలియకుండా పెరుగన్నంలో కలిపేది.

కిందటి వారం ఆయన బాత్‌రూములో జారిపడ్డాడు. మెదడు చుట్టూ నెత్తురు చేరింది. చేర్చుకున్న ఆసుపత్రివాళ్లు ఆ మాత్రే ఆపేయమన్నారు. తప్పితే పోతాడని ఒకరు, ఇస్తే పోతాడని ఇంకొకరు. ఇద్దరూ ఒకచోట కూర్చుని తేల్చి చెప్పారా అంటే అదీ లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాపం, అలమేలు మొదట విన్న మాటనే పట్టుకుంది. ఇంటినుంచి తెచ్చే పెరుగన్నంలో ఆ పొడి పడుతూనే ఉంది.

ఈ ఉదయం ఆయనకు గుండెపోటు వచ్చింది.

డాక్టర్ మైత్రి గుంటూరు పిల్ల. ఐసీయూ నుంచి బయటికొచ్చి అలమేలుకీ, కొడుకు శ్రీకుమార్‌కీ గబగబా చెప్పింది.

"తలలో నెత్తురుంది కాబట్టి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఈ ఇంజెక్షన్ ప్రమాదమేనండీ. కానీ మాత్ర ఆపి వారమైంది, నిన్నటి స్కాన్‌లో నెత్తురు పెరగలేదు. కొంచెం మోతాదు ఇచ్చి చూద్దామనుకుంటున్నాం."

"సీక్రం ఇచ్చేయండి మేడమ్, ఇంకేం ఆలోచన?" అన్నాడు శ్రీకుమార్.

అలమేలు కొడుకు వైపు చూసింది. చెబితే కొడుకు జన్మలో క్షమించడు. చెప్పకపోతే ఆ సూదితోనే మనిషి పోతాడు. మైత్రి వెనుదిరిగింది. అలమేలు ఆమె కోటు పట్టుకుంది.

"మాత్ర ఆపలే డాక్టరమ్మా. నేనే దినామూ అన్నంలో కలిపి పెట్టినా. నిన్న రాత్రి గూడా."

"ఏంమా నువ్వు చేసింది?" అన్నాడు శ్రీకుమార్.

మైత్రి తిట్టలేదు. "ఇప్పుడైనా చెప్పారు" అని లోపలికి పరుగెత్తి ఇంజెక్షన్ ఆపించింది. మళ్లీ తల స్కాన్‌కు తీసుకెళ్లే ముందు ఒక్క నిమిషం చూసుకోమని అలమేలును పిలిచింది.

ఆయన ముఖం పాలిపోయి ఉంది. అలమేలు మంచం పట్టుకుని ఏడ్చింది.

"తప్పు చేసినానండీ. మీకు తెలీకుండా పెరుగన్నంలో మాత్ర కలిపినా. ఈడికొచ్చినాక గూడా."

జనార్దనం ఆక్సిజన్ మాస్కు కాస్త పక్కకు జరిపాడు.

"తెలుసులే. మొదటినించీ చేదే గదా," అన్నాడు. "వద్దంటే నువ్వు భయపడతావని తినేసినా."