మిషన్ కోసం ఉపవాసం

తాను నడిపే బొగ్గు డంపర్ చక్రాలు చూసుకుని లేచేసరికి ఇన్నయ్యకు కళ్ళు బైర్లు కమ్మాయి. నోరు పిడచకట్టుకుపోయింది. పొద్దున్నించి మంచినీళ్ళు కూడా ముట్టలేదు మహానుభావుడు. ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలపు శుక్రవారం, ఉపవాసమని తోటివాళ్ళకు చెప్పాడు. ఇంట్లో భార్య విశ్రాంతమ్మ మాత్రం నమ్మలేదు.

“ఉపాసం దేవునికా, మిషన్‌కా?” అని అడిగింది.

అసలు సంగతి మిషనే. సత్తుపల్లి బొగ్గు గనిలో పోయినసారి వైద్యపరీక్షలో కొవ్వు కొలిచే మిషనెక్కిస్తే ఇన్నయ్య ఒంట్లో కొవ్వు ముప్పైనాలుగు శాతమని తేలింది. సన్నటి కాళ్ళు, సన్నటి చేతులు, ఉన్నదంతా పొట్టలోనే తిష్ఠ వేసింది. రాత్రి గురక, పగలు కునికిపాట్లు దానివల్లేనని, ముప్పైకి తగ్గకపోతే డంపర్ దిగాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఇల్లంత ఎత్తున్న ఆ బండి మీద కూర్చుంటేనే ఇన్నయ్యకు తానూ ఒక మనిషినన్న ధీమా. అందుకే అన్నం సగానికి తగ్గించాడు, తెల్లవారకముందే తల్లాడ రోడ్డు మీద నడిచాడు. ఇవాళ మళ్ళీ పరీక్ష కాబట్టి, నీళ్ళు కూడా మానేస్తే ఇంకాస్త తగ్గుతుందనుకున్నాడు, పిచ్చి మారాజు.

మధ్యాహ్నం బూట్లు విప్పి, పాదాలు తుడుచుకుని మిషనెక్కాడు. పిడులు పట్టుకున్నాడు. ముప్పైఆరు చూపించింది.

నర్సు రోజారాణి అతని ఎండిన పెదాలు చూసి సంగతి రాబట్టి, తల పట్టుకుంది. మిషన్ ఒంట్లోకి సన్నటి కరెంటు పంపుతుందట. నీళ్ళున్నచోట అది సులువుగా పోతుంది, కొవ్వు దగ్గర ఆగుతుంది. ఒళ్ళు ఎండిపోయినా ఆగుతుంది, మిషన్ దాన్నీ కొవ్వు కిందే లెక్క కట్టేస్తుంది. బాగా నీళ్ళు తాగి రేపు రమ్మంది.

సాయంత్రం విశ్రాంతమ్మ చెంబు అందించింది. నాలుగు చీవాట్లు పెడదామనే అనుకుంది గానీ, అతను గటగటా తాగేయగానే చెంబు మళ్ళీ నింపి ఇచ్చింది.

“బండి పోతే పోనీ. నువ్వుండాలె నాకు,” అంది.

మర్నాడు ముప్పైరెండు. తగ్గింది, కానీ చాలలేదు. మనిషి పడ్డ కష్టం చూసి, ఇంకో నెల నడపనిద్దామా అని డాక్టరు తటపటాయించాడు.

ఇన్నయ్య తల వంచుకున్నాడు. “వద్దు సార్. మొన్న మలుపుకాడ నాకు కండ్లు మూతబడ్డయి.”

అతన్ని సామాను స్టోరుకు మార్చారు. డంపర్‌ను కొత్త డ్రైవరు సంపత్‌కు ఇచ్చారు. బ్రేకు కాస్త ముందే తొక్కాలని ఇన్నయ్య అతనికి రెండుసార్లు చెప్పి, స్టోరు వైపు నడిచాడు. సంపత్ పైకెక్కి సీటు బెల్టు పెట్టుకున్నాడు. ఇన్నయ్య పొట్ట కొలతకు సాగదీసి ఉన్న ఆ బెల్టు అతని ఒళ్ళో వదులుగా జారిపడింది.