ముప్పై ఒకటో ఇంటర్వ్యూ

సాయంత్రం నాలుగు కాగానే అటెండరమ్మ టీ పట్టుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్లేది. తలుపు మూసుకునేది. మళ్లీ గంటన్నర దాటితే గాని తెరుచుకునేది కాదు. చూసినవాళ్లు ఏమేమో అనుకునేవారు. వాళ్లనుకున్న పాపం ఆ గదిలో జరగలేదు. జరిగిన పాపం వేరు.

అది ఒక విశ్వవిద్యాలయంలో కొత్తగా తెరిచిన చైనా భాషా సమాజ అధ్యయన విభాగం. మూడంతస్తుల భవనం, గాజు తలుపులు, ఏటా ఐదు ఫెలోషిప్పులు. అంతా డైరెక్టరుగారి చలవేనని పత్రికలు రాశాయి. ఆయన చైనా వెళ్లి, బట్టల మిల్లుల్లో పనిచేసే ముప్పైమంది ఆడవాళ్లను దుబాసీ చేత ప్రశ్నలడిగించి, వాళ్ల మాటలు రికార్డు చేసుకొచ్చారు. అచ్చు పుస్తకంలోని చైనా భాష ఆయనకు బాగా వచ్చు. కానీ మిల్లు మనిషి గబగబా మాట్లాడితే ఒక్క ముక్కా అందేది కాదు. అందుకే ఆ మూసిన తలుపు. లోపల స్టూలు మీద కూర్చుని, రికార్డు విని, మన భాషలో రాసేది అటెండరమ్మ.

ఆమెకు ఆ భాష ఎలా వచ్చిందంటారా? తొమ్మిదో తరగతిలో బడి మానేశాక, వంతెన కట్టడానికి వచ్చిన ఒక చైనా ఇంజనీరు ఇంట్లో ఆయాగా కుదిరింది. ఆయా పక్కన కూర్చుంటే గాని ఆ ఇంటి పాప పుస్తకం తెరిచేది కాదు. పాప ఒకటో తరగతి చదివితే ఆయా ఒకటో తరగతి చదివింది. పాప ఆరుకొస్తే ఆయా ఆరుకొచ్చింది. వాళ్లు తిరిగి వెళ్లిపోయారు. భాష ఈమె దగ్గర మిగిలింది.

"రాసిపెట్టమ్మా, పుస్తకంలో నీ పేరు వేస్తాను, ఫెలోషిప్పూ ఇప్పిస్తాను," అన్నారు డైరెక్టరుగారు. ఆ మాట పట్టుకుని రెండేళ్లు రాసింది. మూడేళ్ల కూతురికి ఒళ్లు కాలిపోతున్నా పక్కింట్లో అప్పజెప్పి వచ్చి రాసింది. చేతిలో కలం, మనసంతా పిల్ల నుదుటి మీద. ఫెలోషిప్పు వస్తే ఆగిన చదువు మళ్లీ మొదలవుతుంది, తల్లి ఎవరని అడిగితే చెప్పుకోవడానికి పిల్లకు ఒక మాట ఉంటుంది. ఆమె ఆశ అంతే.

ఫెలోషిప్పుల ప్రకటన వచ్చింది. డిగ్రీ తప్పనిసరి అని ఉంది.

"సార్, మరి నా సంగతి?"

"నీ సంగతేముంది? తొమ్మిది గట్టెక్కనిదానికి ఫెలోషిప్పిస్తే రేపు వాచ్‌మనూ వస్తాడు."

"పోనీ, పుస్తకంలో పేరు వేస్తానన్నారుగా."

"అటెండర్ల పేర్లు వేస్తే చదివేవాళ్లు నవ్వుతారమ్మా. ఈ టీ చల్లారింది, మార్చి పట్రా."

ఆమె టీ మార్చి ఇచ్చింది. తిన్నగా టైపిస్టు గదిలోకి వచ్చి కూర్చుంది.

"ఏడ్చావా చెల్లాయ్?" అన్నాడు టైపిస్టు.

"తీరిక లేదన్నయ్యా. ఇంకో ఇంటర్వ్యూ రాయాలి."

"ముప్పయ్యేగా? అయిపోయాయిగా."

"ముప్పై ఒకటోది నా దగ్గరుంది."

మర్నాడు తెచ్చిచ్చింది. టైపిస్టు నాలుగు వాక్యాలు కొట్టి ఆగిపోయాడు. "ఉద్యోగం ఊడుతుందే తల్లీ."

"ఊడనీ. ఆయనొకసారి చదివితే ఊడుతుంది. చదవడు. రెండేళ్లుగా చూస్తున్నాను, కామాలు దిద్దడానికి మొదటి పేజీ ఒక్కటే తిప్పుతాడు."

ఆమె చెప్పినట్టే జరిగింది. డైరెక్టరుగారు మొదటి పేజీ చూసి కట్ట మొత్తానికి సంతకం పెట్టారు. పుస్తకం అచ్చయింది.

ఫెలోషిప్పులు ఐదు నుంచి పదికి పెంచాలా వద్దా తేల్చడానికి ఒక కమిటీ వచ్చింది. దానికి పెద్ద, నలభై ఏళ్లు చైనా భాష చెప్పి రిటైరైన ప్రొఫెసరమ్మ. ఆ కమిటీ పెట్టిన సభలో రెండొందల మంది ఉన్నారు.

"చివరి ఇంటర్వ్యూ నాకు నిద్ర పట్టనివ్వలేదు. మీ నోటితో వినాలని ఉంది," అందావిడ.

డైరెక్టరుగారు గొంతు సవరించుకుని భావయుక్తంగా మొదలుపెట్టారు. "నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. నేను పనిచేసే చోట ఒక పెద్దమనిషి ఉన్నాడు. నేను విని రాసినదంతా తన పేరున వేసుకుంటాడు. పిల్లకు జ్వరమన్నా పేజీ పూర్తిచేసి వెళ్లమంటాడు. నా పేరేదని అడిగితే..." ఇక్కడ గొంతు తడబడింది. "...టీ చల్లారిందంటాడు. ఈ మాటలు కూడా ఆయన చదవడు. చదవకుండానే సంతకం పెడతాడు."

ప్రొఫెసరమ్మ తన చేతిలోని పుస్తకం మూసింది.

"ఈమెది ఏ మిల్లు? రికార్డు పెట్టండి, విందాం," అంది ప్రొఫెసరమ్మ.

"ఈ మిల్లేనమ్మా," అంది వెనక గోడ దగ్గర నిలబడ్డ అటెండరమ్మ.

ప్రొఫెసరమ్మ మొదటి రికార్డు పెట్టించి అర్థం చెప్పమంది. డైరెక్టరుగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. మళ్లీ తుడుచుకున్నారు. వెనక నుంచి అటెండరమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది. ఆమె ఆయన వంకే చూస్తూ, ఒక్కో వాక్యం ఒక్కో రాయిలా విసిరింది.

"నువ్వు చేసిందీ తప్పే అమ్మాయ్. జరగని ఇంటర్వ్యూ రాశావు," అంది చివరికి ప్రొఫెసరమ్మ.

"జరిగిందమ్మా. చైనాలో జరగలేదంతే."

"అయినా పుస్తకంలోంచి తీసెయ్యాలి."

"తీసెయ్యండి. ఆయన నోటితో చదివించారుగా, నాకది చాలు."

డైరెక్టరు పదవి పోయింది. ఫెలోషిప్పులు పది అయ్యాయి. డిగ్రీ అడిగే నిబంధన పోయి, విని రాసే పరీక్ష వచ్చింది. అందులో మొదటి పేరు అటెండరమ్మది. పుస్తకాన్ని సరిచేసి మళ్లీ అచ్చుకిచ్చే పని కూడా ఆమెకే అప్పజెప్పారు.

ఒకనాడు పాత డైరెక్టరు ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె కూర్చోమనలేదు.

"సేకరించింది నేనే కదమ్మా. ఏ మూలో చిన్నక్షరాల్లోనైనా నా పేరు..."

"ముప్పైమంది ఆడవాళ్ల పేర్లూ వేశాను సార్. మీరు నా పేరు ఎక్కడ వేశారో, సరిగ్గా అక్కడే మీ పేరూ వేశాను. చూసుకోండి."

ఆయన బల్ల మీది కాగితాల కట్ట తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా వెతికారు. ఆ కట్ట పూర్తిగా తిప్పడం ఆయనకు అదే మొదటిసారి.

కక్ష మంచిది కాదని పెద్దలంటారు. కాకపోవచ్చు. కానీ పెద్దలారా, పరాయి భాషకు భవనాలు కట్టేముందు ఆ భాష ఇప్పటికే ఎవరి నోట ఉందో వెతికి వాళ్లకు కుర్చీ వెయ్యండి. వాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి తలుపు మూసే చోట విద్య పెరగదు, కక్షే పెరుగుతుంది.