దివ్వె అని పిలిస్తే

గడియారాల మెకానిక్ పొద్దున్నే కొట్టు తెరిచి, కంటికి భూతద్దం తగిలించుకుని ఒకటే కేక వేసేవాడు. "దివ్వే!"

కూతురు వచ్చి బల్ల పక్కన నిలబడేది. ఆ పేరు చెవిన పడితే చాలు, ఆమె ఉన్నచోట కాసేపు వెలుగు పరుచుకునేది. అందులో ఆయన ఆవగింజంత మరలు బిగించుకునేవాడు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదు. అలా నిలబడు."

ఆ పేరు ఎవరూ ఆలోచించి పెట్టింది కాదు. కాన్పు వేళ కరెంటు పోతే మంత్రసాని "దివ్వె, దివ్వె!" అని దీపం కోసం అరిచింది. దీపం రాకముందే గది వెలిగింది. "ఇక వేరే పేరెందుకు?" అంది తల్లి. ఇరుగుపొరుగుకి ఆశ పుట్టింది. వీధిలో ఇంటికో దివ్వె తయారైంది. పిలిచి పిలిచి తల్లుల గొంతులు బొంగురుపోయాయి గానీ మిణుగురంతైనా వెలగలేదు. పోనీలే, పిలవడానికి బాగుందని ఉంచేసుకున్నారు.

ఈ పిల్లకి మాత్రం నోట్లో ముద్ద ఉండగా పిలుపు, పుస్తకం తెరిస్తే పిలుపు. ఓ రోజు అడిగేసింది. "నీకు కావాల్సింది నేనా, దీపమా?"

"కదలకు, నీడ పడుతోంది," అన్నాడాయన తలెత్తకుండా.

ఆమె దూరపు ఊళ్లో బట్టల మిల్లులో చేరింది. అక్కడ పేరడిగితే ఇంకేదో చెప్పింది. ఏళ్లు గడిచాయి. ఆయన కళ్లు మసకబారి కొట్టు మూతపడింది.

"ఓ మంచి బల్బు కొనుక్కుని ఉంటే పిల్ల మిగిలేది," అంటూ భార్య కూతురికి ఫోను కలిపి చేతిలో పెట్టింది.

"దివ్వే," అన్నాడు.

అటు ఎవరో ఆడమనిషి, "అమ్మో, ఎక్కడిదే ఇంత వెలుగు!" అంది.

"ఏం కావాలి నాన్నా?" కూతురి గొంతు.

"ఏమీ వద్దమ్మా. ఊరికే పిలిచా." అని, "ఆ వెలుగులో నీ మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్లేదే," అన్నాడు.

"నేనూ చూసుకోలేదు. అద్దం ముందు ఎవరు పిలిచారు గనక?"

మర్నాటి నుంచి మిల్లులో అందరికీ ఆమె దివ్వే. ఇంటికి మాత్రం రాలేదు. సెలవురోజు ఫోను మోగితే ఎత్తుతుంది. ఆయన ఆమె పేరు పలికి, ఇంకేమీ అడగడు. అటు వెలుగు ఆరిపోయిందని ఆమె చెప్పేదాకా ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుంటాడు.