శేషగిరి చూసింది నన్నే

నేను ఒక వెంకటగిరి చీరను. రంగు వంగపండు, అంచున చిలకలు. నన్ను నేసిన మనిషి పద్దెనిమిది రోజులు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. అతని మీద నాకు కోపం లేదు. మిగిలిన వాళ్ళ మీద ఉంది.

నెల్లూరు బట్టల కొట్లో గుమాస్తా శేషగిరికి వంగపండు రంగంటే ప్రాణం. అడిగిన వాళ్ళకూ అడగని వాళ్ళకూ నన్నే పరిచాడు. చివరికి హైమావతి కొన్నది. శ్రావణ శుక్రవారం నన్ను కట్టుకుని మళ్ళీ అదే కొట్టుకు వెళ్ళింది. శేషగిరి నా అంచు చూస్తూ ఉండిపోయాడు. ఆలోగా ఆమె నా కొంగు చాటున ఒక పట్టుచీరను సంచిలో వేసుకుంది.

వారం తిరక్కుండా నన్ను పనిమనిషి పెంచలమ్మకు ఇచ్చేసింది. పాత చీరలివ్వడం ఆ ఇంటి రివాజు. నేనింకా పాతబడలేదు. పెంచలమ్మ దాన్ని దయ అనుకుంది.

నన్ను కట్టుకుని రవికగుడ్డ కోసం ఆ కొట్టుకే వెళ్ళింది. శేషగిరి బల్ల దాటి వచ్చాడు.

"ఈమేనయ్యా. పట్టుచీర పోయిన్రోజు ఈడ కూర్చోనుండింది ఈమే."

"నేనీ గడప తొక్కడం ఇదే మొదలు సామీ. ఈ చీర మా హైమావతమ్మ ఇచ్చింది," అంది పెంచలమ్మ.

యజమాని పట్టాభి హైమావతికి ఫోన్ చేశాడు. "పాతవి ఎన్నో ఇస్తుంటాను. ఎప్పుడిచ్చానో ఎవరికి గుర్తు?" అన్నదామె.

"మనిషిని సరిగ్గా చూసినావా?" పట్టాభి గుమాస్తాను అడిగాడు.

"అంచులో మూడో చిలకకు ముక్కు వంకరయ్యా. మరిచిపోతానా?"

శేషగిరి అబద్ధమాడలేదు. నాకు కంపరం పుట్టింది అందుకే.

రేపు పొద్దున్నే పట్టుచీర తెచ్చివ్వకపోతే స్టేషనుకు పంపుతానన్నాడు పట్టాభి. పెంచలమ్మ నాలుగిళ్ళలో పనిచేస్తుంది. దొంగ అన్న పేరు పడితే ఒక్క ఇల్లూ మిగలదు.

మర్నాడు ఆమె నూలుచీరలో వచ్చింది. నేను సంచిలో ఉన్నాను. నేరుగా పోయి శేషగిరి ఎదుట కూర్చుంది.

"రామ్మా. ఏం చూపియ్యమంటావు?"

పట్టాభి గల్లాపెట్టె దగ్గర లేచి నిలబడ్డాడు. శేషగిరి అప్పటికే రెండు చీరలు పరిచాడు. "నీ వొంటికి వంగపండు బాగుంటాది తల్లీ."

"ఉంటాదిలే," అని పెంచలమ్మ నన్ను తీసి బల్ల మీద పడేసింది. "నిన్న నువ్వు పట్టుకున్న దొంగ ఇదే. లోపలేసుకో."

పట్టాభి "పోయిరామ్మా" అన్నాడు. తప్పయిందని అనలేదు. అంతకుముందు నేను ఎవరి వొంటిమీద ఉన్నానో అడగలేదు. హైమావతి ఆ కొట్టుకు వాడుకగా వచ్చే మనిషి.

ఇప్పుడు గోదాములో ఉన్నాను. శేషగిరి రోజూ వచ్చి నన్ను విప్పి, చూసి, మడతపెట్టి పోతాడు. పెంచలమ్మ పనికి పోతూ వీధిలో అతనికి ఎదురవుతూనే ఉంటుంది. ఎవరో అనుకుని పక్కకు జరిగి దారిస్తాడు.

నన్ను పురుగు కొట్టే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.