గుమ్మడవలస డ్రా డబ్బా

నేను ఒక డ్రా డబ్బాని. పక్కన పిడి, మధ్యలో చిన్న తలుపు, లోపలంతా ఖాళీ. రేకుపని చేసే ఇస్మాయిల్ రెండు నూనె డబ్బాలు కోసి, సాపు చేసి, గుండ్రంగా వంచి, అతుకుల మీద సీసం కరిగించి మాటేసి నన్ను తయారు చేశాడు. మొదట ఎగ్జిబిషన్‌లో స్టీలు బిందెల లక్కీ డ్రాకి తిరిగాను. తర్వాత గుమ్మడవలస మున్సిపాలిటీ వాళ్లు కొనుక్కున్నారు. మార్కెట్లో కొట్ల గదులు ఎవరికివ్వాలో తేలకపోతే నన్నే తిప్పేవారు. గది రానివాడు నన్ను తిట్టేవాడు. వచ్చినవాడు దేవుడికి దండం పెట్టుకునేవాడు. నాకు మాత్రం ఎవరూ పెట్టలేదు.

మిగతా రోజుల్లో స్టోర్ రూములో, విరిగిన కుర్చీల కింద ఉండేదాన్ని. మొన్న వేసవిలో నన్ను దుమ్ము దులిపి కౌన్సిల్ హాల్లోకి తెచ్చి, చైర్మన్ వర్మ గారి బల్ల మీద పెట్టారు.

సంగతేమిటంటే, ఊళ్లో ఉచిత డయాలసిస్ గది మూతపడబోతోంది. దాని ఖర్చు భరిస్తున్న రైసుమిల్లు కుటుంబం ఇక మావల్ల కాదంది. నెలాఖరుకి తాళం. అందుకని నెలనెలా ఊరి డ్రా పెట్టి టిక్కెట్లు అమ్మాలని వర్మ గారి ఆలోచన. సగం బహుమతులకి, సగం ఆ గదికి.

"లాటరీ నిషేధం కదండీ," అన్నారు కమిషనర్ గారు, గొంతు తగ్గించి.

"అందుకే ప్రత్యేక అనుమతి అడుగుతూ తీర్మానం చేద్దామంటున్నాను. మంచి పనికి కాదంటారా?"

ఆ మాటకి హాలంతా జూట్ మిల్లు కాలనీ కౌన్సిలరు అప్పలనరసమ్మ వైపు చూసింది. ఆమె తమ్ముడు సన్యాసిరావుకి రెండు కిడ్నీలూ పోయాయి. అతని ఊపిరి ఆ గది మీదే ఆడుతోంది. అది మూతపడితే విజయనగరం పోవాలి. మెట్టు ఎక్కితేనే ఆయాసపడే మనిషి వారానికి మూడుసార్లు బస్సులో ఎలా పోతాడు? ఆ రోజు కూడా అక్క వెంట వచ్చి, హాలు బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

కానీ ఆమె భర్త, లాటరీ టిక్కెట్లు దొరికిన కాలంలో, మిల్లు కూలంతా వాటికే పోసిన మనిషి. ఇదే ఆఖరిది, ఇంకొక్కసారి అంటూనే పోయాడు. ఇప్పుడు టిక్కెట్లు వస్తే ముందు కొనేది తన కాలనీవాళ్లే అని ఆమెకి తెలుసు. అందుకే ఎటూ చెప్పకుండా కూర్చుంది.

పక్క వార్డు కోరాడ సింహాద్రి మాత్రం లేచి బల్ల గుద్దాడు. "పేదోడి ఆశ మీద యాపారమా? మా కొంపలు కూలిస్తారా వర్మ గారూ?"

వర్మ గారు నవ్వారు. "వాదన ఎందుకు సింహాద్రీ, సరదాగా ఒకసారి తిప్పి చూపిస్తాను. అన్ని వార్డుల నంబర్లూ ఇందులో వేశాను. ఏ చీటీ వస్తే ఆ వార్డుకి కొత్త బోరు."

నా పిడి తిరిగింది. అంతవరకూ కునుకు తీస్తున్నవాళ్లు కూడా కుర్చీలు వదిలి నా చుట్టూ మూగారు. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది. చీటీ వచ్చింది. సింహాద్రిదే!

"అదీ! నా అదృష్టం చూశారేటి!" అని చప్పట్లు కొట్టాడు. పేదోడి ఆశ సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ నవ్వుల మధ్య అప్పలనరసమ్మ జనాన్ని తోసుకుంటూ నా దగ్గరికొచ్చింది. కాలనీలో బోరు ఎండిపోయింది మరి. నా పిడి గట్టిగా పట్టుకుంది. 

"ఇంకొక్కసారి తిప్పండి," అంది.

అన్నాక ఆగిపోయింది. ఆ మాట ఎవరిదో ఆమెకి తెలుసు. పిడి మీద వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

ఓటింగు పెట్టారు. తీర్మానం కావాలని చేతులు లేచాయి, సింహాద్రిది అందరికన్నా పైకి. వద్దన్నవాళ్లనీ లెక్కపెడితే అటూ ఇటూ సమానం. మిగిలింది ఆమె ఒక్కతే.

"నరసమ్మ గారూ, బయట మీ తమ్ముడున్నాడు," అన్నారు వర్మ గారు మెల్లిగా.

"ఉన్నాడండి. నాను వద్దంటున్నాను."

తీర్మానం వీగిపోయింది.

ఆమె వరండాలోకి వచ్చేసరికి సన్యాసిరావు బెంచీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. లోపలి మాటలన్నీ అతనికి వినిపించాయి.

"నన్ను చంపేశావా అక్కా?"

ఆమె ఏడవలేదు. వెనక్కి తిరిగి లోపలికొచ్చి, "ఆ డబ్బా నాకిచ్చెయ్యండి," అని నన్ను చంకనెత్తుకుంది. దారి పొడుగునా తమ్ముడు ఆమెకి నాలుగడుగులు వెనకే నడిచాడు. ఆమె పట్టుకి నా రేకు నొక్కుకుపోయింది.

మర్నాడు నా పిడి ఊడబీకించి, తలుపుకి తాళం వేయించి, పైన సన్నటి సందు కోయించింది. నన్ను జూట్ మిల్లు గేటు దగ్గర స్టూలు మీద పెట్టి పక్కన నిలబడింది. కోపంగా ఉన్నా సన్యాసిరావు కూడా వచ్చి, ఆమెకి కాస్త ఎడంగా గోడ నీడలో కూర్చున్నాడు.

షిఫ్టు దిగినవాళ్లు చూసుకుంటూ పోయారు. ఒక ముసలి కార్మికుడు ఆగి, పది రూపాయల నోటు మడిచి నాలో వేశాడు. వేసి కదలడే! చెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఏటి మావా?"

"చీటీ ఇయ్యమ్మా."

"చీటీ లేదు. తగిలేదీ లేదు. అదిగో, మా తమ్ముడు. ఆడిలాంటోళ్లు ఇంకా ఉన్నారు."

ముసలాయన సన్యాసిరావు వైపు, ఉబ్బిన అతని పాదాల వైపు చాలాసేపు చూశాడు. చాపిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు లుంగీకి తుడుచుకుని, గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నాలో పడినదానితో ఎలాగో ఈ నెలకి గది తెరిచే ఉంది. వచ్చే నెల సంగతి నేను చెప్పలేను. నేను నిండితేనే కదా. రోజూ సాయంత్రం అప్పలనరసమ్మ నన్ను ఎత్తి బరువు చూస్తుంది, మొహం చిన్నది చేసుకుంటుంది, మళ్లీ దించుతుంది.

ఆ ముసలాయన మాత్రం మళ్లీ వచ్చాడు. నోటు వేసి, ఈసారి చెయ్యి చాపలేదు. వెళ్లి గోడ నీడలో సన్యాసిరావు పక్కన కూర్చున్నాడు.