అడుగుల పన్ను

తెల్లవారి ఆరు కాకముందే వీధిలో వీధక్క చీపురు చప్పుడు మొదలవుతుంది. మందుల షాపు మూల నుంచి అవతలి చివరి ఫర్నిచర్ షోరూం దాకా ఊడ్చుకుంటూ పోయి, తిరిగొచ్చేటప్పుడు నలభై పూలకుండీలకు నీళ్లు పోస్తుంది. తొమ్మిదింటికి బిగుసుకుపోయిన షట్టర్లకు ఓ చెయ్యి వేస్తుంది. పదింటికి క్లినిక్‌కి వచ్చే ముసలివాళ్లను రోడ్డు దాటిస్తుంది. ఆమెకి యాభై రెండేళ్లు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడదు.

ఈ పనులేవీ మునిసిపాలిటీవి కావు. మునిసిపాలిటీ బండి వారానికి రెండుసార్లు వచ్చి, చెత్త సగం ఎత్తుకుని, సగం వదిలేసి పోతుంది. మిగతాదంతా కొట్ల యజమానులు తమ మీద తామే వేసుకున్న అదనపు పన్నుతో నడుస్తుంది. కొట్టు ముందు వైపు ఎన్ని అడుగులుంటే అంత పన్ను. అందుకే దాన్ని అడుగుల పన్ను అంటారు. ఐదేళ్లకోసారి ప్రతి కొట్టునీ టేపు పెట్టి కొలుస్తారు. అదే సాయంత్రం పన్ను ఉంచాలా, ఎత్తేయాలా అని ఓటు. ఆ ఓటు కూడా మనిషికొకటి కాదు, అడుగుకొకటి.

ఐదేళ్లకోసారి కొలవడం ఎందుకంటే, ఆ వీధిలో కొట్లు పెరుగుతాయి. ఎవరైనా కొనే పనీ అమ్మే పనీ లేకుండా ఒక కొట్టు ముందు కాసేపు కూర్చుంటే ఆ కొట్టు నూలుపోగంత వెడల్పవుతుంది. అలాగని పక్క కొట్టు తగ్గదు. వీధే ఆ మేరకు సాగుతుంది. టీకొట్టు ఒకప్పుడు రెండు బల్లల కొట్టు, ఇప్పుడు ఆరు బల్లలు పడతాయి. రోగుల వెంట వచ్చినవాళ్లు కూర్చుని కూర్చుని క్లినిక్ కూడా బాగానే ఒళ్లు చేసింది. దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. పోస్టుమాన్ మాత్రం, ఈ మధ్య చెప్పులు త్వరగా అరుగుతున్నాయని ఒకసారి గొణిగాడు.

పెరగని కొట్టంటూ ఉంటే అది తాళాలాయనదే అని అందరి నమ్మకం. తాళంచెవులు కోసే ఆ కొట్టు వెడల్పు ఐదంటే ఐదడుగులు. అది పెరిగితే పన్ను పెరుగుతుందని ఆయన భయం. పిల్లికి బిచ్చం పెట్టని మనిషి, ఊరికే నీడ పెడతాడా?

"ఏం కావాలి?" అనేవాడు ఎవరైనా వచ్చి నిలబడగానే.

"ఏం లేదండీ, వాన పడుతోందనీ..."

"నా కొట్లో వానలు అమ్మను. పక్కకెళ్లండి."

అడుగుల పన్ను అంటేనే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కేది. నా గుమ్మం నేను ఊడ్చుకోలేనా అనేవాడు. అయితే ఆయన గుమ్మం రోజూ వీధక్కే ఊడ్చేది, అది వేరే సంగతి.

ఈ మధ్య ఆయనకి ఒక దిగులు పట్టుకుంది. ఆయనకి మోకాళ్లు బాగా లేవు. ఎడమ గోడ పక్కన కోత మిషను, దాని ముందు కుర్చీ. కుడి గోడకి కొక్కేల మీద కోయని తాళంచెవులు. ముప్పై ఏళ్లుగా కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాచి, కావాల్సిన తాళంచెవి చూడకుండానే తీసేవాడు. మూడేళ్ల కిందట వేలి కొన మాత్రమే తగలడం మొదలైంది. తర్వాత ఒంగాల్సి వచ్చింది. ఇప్పుడు ఒంగినా అందడం లేదు. ప్రతి తాళంచెవికీ మూలుగుతూ లేవాలి. వయసు మీదపడితే మనిషి కుంచించుకుపోతాడని విన్నాడు గానీ, ముందు చెయ్యే పొట్టిదవుతుందని ఆయనకి తెలీదు.

క్లినిక్ డాక్టరు రెండు చేతులూ కొలిచి చూసి, "రెండూ సమానంగానే ఉన్నాయండీ" అన్నాడు.

"అంటే రెండూ తగ్గాయన్నమాట" అన్నాడు తాళాలాయన. డాక్టరు ఏదో టానిక్ రాసిచ్చాడు.

టానిక్ రెండు సీసాలు అయిపోయాక ఆయన నిశ్చయానికి వచ్చేశాడు. చెయ్యి అందని పనివాడు పనివాడే కాదు. కొట్టు అమ్మేసి, చెల్లెలి ఊరు వెళ్లిపోయి ఓ మూల కూర్చుంటాడు. షోరూం యజమాని కొనడానికి సిద్ధంగానే ఉన్నాడు. ఈ వీధిలో అడుగుల పన్ను ఎత్తేయాలని పట్టుబట్టింది కూడా ఆయనే. ఊడ్చేవాళ్లూ కాపలావాళ్లూ ఆయనకి సొంతంగా ఉన్నారు, ఊరివాళ్ల కోసం తనెందుకు కట్టాలని ఆయన వాదన. వీధిలో అతి వెడల్పైన కొట్టు ఆయనది. ఆయన అటు తిరిగితే మరికొందరు అటే తిరిగారు.

పన్ను పోతే వీధక్క ఉద్యోగం పోయినట్టే. ఈ వయసులో ఇంకొకరు పెట్టుకోరు. వాళ్ల వదిన అప్పుడే కబురు పంపింది, వెనక గది ఖాళీగానే ఉంది, వచ్చి ఇంట్లో సాయంగా ఉండమని. ప్రేమగానే పంపింది, కాదనడానికి లేదు. కానీ ఒకరి పంచన చేరితే ఎలా ఉంటుందో వీధక్కకి తెలుసు. నీళ్లు తాగినా గ్లాసు చప్పుడు కాకుండా పెట్టాలి. ఆమెకంటూ ఒక గది ఉంది, దానికో తాళం ఉంది. ఆ తాళంచెవి కోసిచ్చింది తాళాలాయనే.

కొలతల రోజు ఉదయం కొట్ల యజమానుల సంఘం తరఫున కొలతలాయన ఇనుప టేపుతో వచ్చాడు. తాళాలాయన కొట్టు దగ్గర అసలు ఆగాలా వద్దా అని ఒక క్షణం ఆలోచించి, ఎందుకొచ్చిన గొడవ అని టేపు పరిచాడు.

"ఏడున్నర."

"ఏంటి?"

"ఏడున్నర అడుగులండీ."

"నీ టేపు సాగింది!"

మూడుసార్లు కొలిపించాడు. మూడోసారి టేపు తనే పట్టుకున్నాడు. ఏడున్నరే. కొలతలాయన రాసుకుని వెళ్లిపోయాడు. తాళాలాయన కుర్చీలో కూలబడి, కుడి గోడ వైపు అలాగే చూస్తుండిపోయాడు. నున్నటి సిమెంటు నేల, బండల గీతలైనా లేవు, తెలిసేదెలా? ఎవరినీ నిలబడనివ్వని కొట్టు పెరగదన్న ధీమాలో ఆయన గోడని అనుమానించలేదు. అనుమానమంతా తన చేతి మీదే పెట్టుకున్నాడు.

చెయ్యి పొట్టిది కాలేదు. గోడే జరిగింది.

ఆ సంతోషం వెంటే కోపం వచ్చింది. ఎవరు? రోజుకో నూలుపోగు చొప్పున రెండున్నర అడుగులంటే, ఎవరో ఏళ్ల తరబడి దొంగతనంగా వచ్చి కూర్చున్నారన్నమాట. తను చూడని వేళ ఏదుంది? భోజనమయ్యాక గంటసేపు కునుకు తీసే అలవాటు ఉంది. మధ్యాహ్నం కాగానే కళ్లు మూసుకుని గురక కూడా మొదలుపెట్టి, రెప్పల సందులోంచి చూస్తూ కూర్చున్నాడు.

వీధక్క టిఫిన్ డబ్బాతో వచ్చింది. అలికిడి కాకుండా ఆయన మెట్టు మీద, వీధి వైపు తిరిగి కూర్చుంది. ఒక కుక్క లోపలికి తల పెట్టబోతే చేత్తో అదిలించింది. ఒకతను వచ్చి తాళంచెవి కావాలన్నాడు.

"ఒక అరగంటాగి రండి బాబూ, ఆయన లేస్తారు" అంది మెల్లగా.

పక్క కొట్లోంచి జిరాక్సు అమ్మాయి తొంగి చూసింది. "ఇవాళ కూడానా అక్కా? సాయంత్రం నీ ఉద్యోగం ఊడగొట్టేవాళ్లలో ఈ బాబాయ్ కూడా ఉంటాడు, తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"ఓటు సాయంత్రం కదే. మధ్యాహ్నం ఈయన షట్టర్ బార్లా తెరిచి నిద్రపోతాడు. ఎవరన్నా మిషను ఎత్తుకుపోతే ఏం తింటాడు?"

"చెప్పొచ్చుగా, నేనే కాపలా కాస్తున్నానని."

"చెప్తే ఇక్కణ్ణుంచి లేపేస్తాడు" అంది వీధక్క, డబ్బా మూత తీస్తూ.

తాళాలాయన గురక ఆగిపోయింది. ఆగిందని ఆమెకి తెలియకూడదని మళ్లీ మొదలుపెట్టాడు. ఆ గంటా ఆయనకి సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. వాన పడుతోందని వచ్చి నిలబడ్డవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. కళ్లు మూసుకునే ఉన్నాడు గానీ రెప్పల కింద తడి ఆగలేదు.

సాయంత్రం క్లినిక్ హాల్లో అందరూ చేరారు. కుర్చీలు వేసింది వీధక్కే. తన పని ఉంటుందో ఊడుతుందో తేల్చడానికి వచ్చినవాళ్లకి మంచినీళ్లు కూడా అందించి, గుమ్మం దగ్గర నిలబడింది. డాక్టరు ఒక్కో కొట్టూ పిలిచి బోర్డు మీద వేస్తున్నాడు. పన్ను ఉండాలన్నవి రెండొందల ఆరు అడుగులు. వద్దన్నవి రెండొందల పన్నెండు. తాళాలాయన కుర్చీ ఖాళీగా ఉంది. షోరూం యజమాని లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఆయన రాకపోయినా ఫరవాలేదండీ. ఆయన ఓటు ఎటో అందరికీ తెలిసిందేగా."

"తెలీదు" అన్నాడు తాళాలాయన గుమ్మంలోంచి. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసం వచ్చింది. "నాకే ఇవాళ మధ్యాహ్నం దాకా తెలీదు. రాసుకోండి డాక్టరుగారూ. పన్ను ఉండాలి."

షోరూం యజమాని నవ్వాడు. "ఉంటే ఉండనీండి. మీ ఐదడుగులూ కలిపినా రెండొందల పదకొండే."

"ఏడున్నర" అన్నాడు కొలతలాయన, కాగితం పైకెత్తి.

డాక్టరు కూడికే తెలియనట్టు రెండుసార్లు వేళ్ల మీద లెక్కపెట్టి, బోర్డు మీద రెండొందల పదమూడున్నర అని రాశాడు. వీధక్క గుమ్మానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. జిరాక్సు అమ్మాయి పరుగున వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు.

బయటికి వస్తూ షోరూం యజమాని అడిగాడు. "మరి కొట్టు బేరం సంగతేంటి?"

"నా చేతులు బాగానే ఉన్నాయి" అన్నాడు తాళాలాయన.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇద్దరు మనుషుల్ని పిలిపించి, కోత మిషనూ కుర్చీ రెండున్నర అడుగులు కుడి పక్కకి జరిపించాడు. కూర్చుని, చూడకుండా చెయ్యి చాచాడు. తాళంచెవి చేతికొచ్చింది.

మధ్యాహ్నం వీధక్క డబ్బాతో వచ్చి ఆగిపోయింది. ఆయన మెలకువగా ఉన్నాడు. ఎడమ గోడ పక్కన ఖాళీ అయిన చోట ఓ కొత్త స్టూలు, దాని మీద మడిచిన దుప్పటి ఉన్నాయి.

"నీ మూలాన నా పన్ను ఎంత పెరిగిందో తెలుసా?" అన్నాడు కోపంగా.

"తెలుసన్నయ్యా."

"మెట్టు ఎండకి కాలిపోతోంది. లోపలికొచ్చి కూర్చో."

ఆమె వచ్చి కూర్చుంది. డబ్బా ఒళ్లో పెట్టుకుని కొట్టంతా ఒకసారి కలియజూసింది.

"లోపల కూర్చుంటే కూడా పెరుగుతుందా అన్నయ్యా?"

"ఏమో. ఐదేళ్లాగితే మనకే తెలుస్తుంది" అని కళ్లు మూసుకున్నాడు తాళాలాయన.